టెంటు, చెక్క కాటేజీ, హౌస్‌బోటు, మట్టి ఇల్లు: ఏడేళ్ళు తిరిగాక నా రివ్యూ

మాది వైజాగ్. 2018 నుంచి ఏటా రెండు మూడుసార్లు శని ఆదివారాలకి ఇంకో సెలవు కలిపి ఎటో ఒకవైపు పోతుంటాం. మామూలు లాడ్జి గది అయితే మా ఆవిడ ఒప్పుకోదు, నాలుగ్గోడల మధ్య పడుకోడానికైతే ఇంట్లోనే ఉందాం కదా అంటది. అలా టెంట్లు, వెదురు గుడిసెలు, అడవిలో చెక్క కాటేజీలు, గోదాట్లో బోటు, అన్నీ అయ్యాయి. అమ్మ, ఇద్దరు పిల్లలు కూడా మాతోనే. కుర్రాళ్ళ బ్యాచ్ రివ్యూ కోసం వచ్చుంటే ఇది కాదు, ముందే చెప్తున్నా.

అందరూ అడిగేది టెంట్ల గురించే కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతా. లంబసింగిలో డిసెంబర్, జనవరిలో టెంట్లో ఉంటే లాభం ఒక్కటే కానీ పెద్ద లాభం. చెరువులవేనం కొండ మీద తెల్లారుతుంటే మబ్బులు కాళ్ళ కింద ఉంటాయి, అది చూడాలంటే నర్సీపట్నంలో ఉన్నవాళ్ళు అర్ధరాత్రి దాటాక లేచి మంచులో ఘాట్ ఎక్కాలి, టెంట్లో ఉన్నవాళ్ళు నాలుగున్నరకి లేచి టీ తాగి బయల్దేరితే చాలు.

అక్కడిదాకా బాగుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు రాత్రి మూడింటికి మొహం మీద చుక్కలు పడుతుంటే వానేమో అనుకుని బయటికొచ్చా, పైన చూస్తే నక్షత్రాలు! వాన కాదది, మా అయిదుగురి ఊపిరే. బయట చలికి గుడ్డ చల్లబడి, లోపలి ఆవిరంతా దానికి పట్టి నీళ్ళై కారుతోంది. చలికి భయపడి జిప్పులన్నీ బిగించేశాం కదా, అదే మేం చేసిన తప్పు, జాలీ కిటికీ కొంచెం తెరిచి ఉంచితే సగం తగ్గేది. పైగా అది ఒకే పొర టెంటు. పైన ఇంకో షీటు ఉండి, రెండిటికీ మధ్య ఖాళీ ఉన్న టెంటే అడగండి. చలి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ తన్నుతుంది, అందుకని ఇప్పుడు ఇంటి నుంచి రెండు పాత బొంతలు కారు డిక్కీలో పడేస్తాం. ఆ రాత్రి తడిసిన దుప్పట్లో కూర్చుని అమ్మ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెత: "ఇంత డబ్బెట్టి కళ్ళం కాడ కాపలా పడుకోడానికొచ్చామేట్రా?"

అసలు సినిమా బాత్రూమ్‌ది. నలభై టెంట్లకి మూడు, అవీ వంద అడుగుల అవతల, దారిలో లైటు లేదు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఫోన్ టార్చి వేసుకుని నేనే మూడుసార్లు తీసుకెళ్ళా. ఆ ట్రిప్పు తర్వాత నాకు ఒకటి అర్థమైంది, ఇలాంటి చోట్ల పగటి ఫోటో చూసి గది తీసుకోకూడదు, రాత్రి రెండింటికి ఆ గది ఎలా ఉంటుందో కనుక్కుని తీసుకోవాలి. ఇప్పుడు ఎక్కడ బుక్ చేసినా ముందు ఫోన్ చేసి బాత్రూమ్ వీడియో పంపమంటా. వెంటనే పంపినవాళ్ళ దగ్గర ఇంతవరకు ఇబ్బంది పడలేదు, అడిగితే డ్రోన్ షాట్ పంపినవాళ్ళు మాత్రం ఇద్దరున్నారు, ఇద్దరి దగ్గరా ఏడ్చాం.

వెదురు గుడిసె మారేడుమిల్లి వైపు తీసుకున్నాం. బొంగు చికెన్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. గుడిసె చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ వెదురుకి పుచ్చు పట్టి రాత్రంతా పక్క మీద సన్నటి పొడి రాలుతూనే ఉంది, పొద్దున్నకి పిల్లల జుట్టు పౌడర్ రాసినట్టు. సందుల్లోంచి దోమలు. ఏజెన్సీలో మలేరియా అంటే జోక్ కాదు, దోమతెర లేకపోతే ఎంత తక్కువకిచ్చినా వద్దనండి. వానాకాలంలో అడవిలో నడిస్తే జలగలు కూడా, ఉప్పు పొట్లం జేబులో ఉండాలి.

దిండి హౌస్‌బోటుకి ఒకసారే వెళ్ళాం, పాలకొల్లులో రైలు దిగి చించినాడ బ్రిడ్జి దాటితే వచ్చేస్తుంది. పగలు వశిష్ఠ గోదావరి మీద కొబ్బరి తోటల పక్కనుంచి పోతుంటే స్వర్గమే, రొయ్యల ఇగురు కూడా బోటు మీదే వండిపెట్టారు. రాత్రికి ఒడ్డున కట్టేశాక జనరేటర్ రొద, ఏసీ ఆపితే ఉక్క. ఒక్క రాత్రికి చాలు. 2019 సెప్టెంబర్‌లో గోదాట్లో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగిపోవడం గుర్తున్నవాళ్ళు బోటెక్కగానే లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు, నేనూ లెక్కపెట్టా, పిల్లల సైజువి లేకపోతే అడిగి తెప్పించా.

పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది టైడాయే. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కే దారిలో, టూరిజం వాళ్ళ జంగిల్ బెల్స్ రిసార్ట్. చెట్ల మధ్య చెక్క కాటేజీలు, బాత్రూమ్ లోపలే. రాత్రి కిరండూల్ లైన్ మీద ఇనుప ఖనిజం గూడ్సులు కొండల్లో కూత వేసుకుంటూ పోతుంటే మా చిన్నాడు నిద్ర మానేసి బోగీలు లెక్కపెట్టేవాడు. కిటికీలు మాత్రం తెరిచి పోవద్దు, కోతులు. (డ్రైవర్‌ని తీసుకెళ్తే అతను ఎక్కడ పడుకుంటాడో ఎక్కడైనా ముందే అడగండి, మేం ఒకసారి అడక్కపోతే పాపం చలిలో కార్లోనే పడుకున్నాడు.)

పోయిన నవంబర్లో అరకు దగ్గర ఒక గిరిజన కుటుంబం పొలంలో కట్టిన మట్టి ఇంట్లో రెండు రాత్రులున్నాం. మందపాటి గోడలు, పేడతో అలికిన నేల, బయట చలి వణికిస్తున్నా లోపల ఒక్క దుప్పటి సరిపోయింది. ఎదురుగా వలిసె పూలు పసుపుపచ్చగా, పొద్దున్నే చోడి (రాగి) అంబలి. బాత్రూమ్ మాత్రం కొత్తగా సిమెంటుతో కట్టి కమోడ్ పెట్టారు, వీడియో అడిగితే రెండు నిమిషాల్లో పంపింది వీళ్ళే. చిన్నప్పుడు ఇలాంటి ఇంట్లోనే పెరిగిన అమ్మ అక్కడ ఆవిడతో కలిసి గుమ్మం ముందు ముగ్గు కూడా వేసింది.

ఈ కార్తీకానికి మళ్ళీ అదే ఇవ్వమని ఫోన్ చేస్తే ఎవరో ముందే తీసేసుకున్నారన్నారు, పక్కన వెదురు గుడిసె ఖాళీగా ఉంది ఉంచమంటారా అని అడిగారు. నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే వంటింట్లోంచి అమ్మ అరిచింది, "దోమతెరుందేమో కనుక్కోరా!"