ప్లేస్కూల్‌కి టీకాలు: గవర్నమెంట్‌లోనా, ప్రైవేట్‌లోనా?

పాపని బ్రాడీపేటలో ప్లేస్కూల్లో వేద్దామని వెళ్తే ఫారంతో పాటు టీకాల కార్డు జిరాక్స్ అడిగారు. టీకాలు ఉంటేనే బళ్ళో చేర్చుకోవాలని దేశమంతటికీ ఒకే చట్టమేం లేదు గానీ చాలా ప్రైవేట్ స్కూళ్ళు అడుగుతున్నాయి, అడగడమే మంచిది, అంతమంది పసిపిల్లలు ఒకే గదిలో ఉంటారు కదా.

మా పెద్దోడికి అన్నీ గవర్నమెంట్ నర్సమ్మ ఏఎన్ఎం గారి దగ్గరే వేయించాం, పాపకేమో కొత్తపేటలో పిల్లల డాక్టర్ దగ్గర. గవర్నమెంట్‌లో పైసా ఖర్చుండదు, పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ, 6, 10, 14 వారాలకి ఐదు జబ్బులకి ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్, 9 నెలలకి తట్టు, రుబెల్లా రాకుండా ఎంఆర్, 16 నుంచి 24 నెలల మధ్య దాని రెండో డోసు, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి డీపీటీ బూస్టరు. ఏఎన్ఎం గారు ఐస్ ప్యాకుల మధ్య నుంచి సీసా తీసి, కొత్త సిరంజి మన ముందే చింపి, జ్వరమొస్తే ఎంత మందు పోయాలో రెండుసార్లు చెప్పుద్ది, కార్డులో తేదీ రాశాకే పంపుద్ది. 5-6 ఏళ్ళకి ఇంకో డీపీటీ ఉంది, అది మాత్రం చాలామంది మర్చిపోతున్నారు.

ప్రైవేట్‌లో ఎక్కువొచ్చేవి గవదబిళ్ళలకి కూడా పనిచేసే ఎంఎంఆర్, ఆటలమ్మ, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ. వేలల్లో అవుద్ది. పాప ఫైల్లో రెండుచోట్ల స్టిక్కర్ అంటించి తేదీ రాయలేదు, స్కూలు వాళ్ళు ఒప్పుకోక మళ్ళీ వెళ్ళి రాయించుకున్నా.

నన్నడిగితే గవర్నమెంట్ లిస్టులో ఉన్న టీకాలన్నీ ఏఎన్ఎం గారి దగ్గరే వేయించి, డబ్బులుంటే ఆ నాలుగూ డాక్టర్ దగ్గర వేయించండి, తేదీలన్నీ ఒకే కార్డులో రాయించుకోండి.