ఓడ దిగిన ముత్తాత ఊరేది? నార్వే నావికుడి మూలం వెతకడానికి ఏ రికార్డు మేలు

పందొమ్మిదో శతాబ్దం చివర్లో న్యూయార్క్ రేవులో ఓడ దిగి, మళ్ళీ ఆ ఓడ ఎక్కకుండా బ్రూక్లిన్‌లోనే స్థిరపడిపోయిన నార్వే నావికులు ఎందరో ఉన్నారు. 1870ల చివరికి నార్వే వాణిజ్య ఓడల బలం ప్రపంచంలో మూడో స్థానంలో ఉండేది. కానీ ఆ ఓడల్లో ఇచ్చే జీతం అమెరికా ఓడల్లో దొరికే దానికంటే బాగా తక్కువ. 1886లో నార్వే దక్షిణ తీరపు రేవు ఆరెన్‌డాల్ పట్టణంలో బ్యాంకులు కూలి, తెరచాప ఓడల వ్యాపారం దెబ్బతిన్నాక, దక్షిణ తీరపు యువకులకు ఇంటికి తిరిగి వెళ్ళే ఆశ మరింత సన్నగిల్లింది. ఈ రోజు వాళ్ళ మునిమనుమలు "మా ముత్తాత నార్వే నుంచి వచ్చిన నావికుడు" అన్న ఒక్క మాట పట్టుకుని ఆయన పుట్టిన ఊరిని వెతుకుతున్నారు. వాళ్ళ ముందు ప్రధానంగా మూడు దారులున్నాయి: ఊరి చర్చి పుస్తకాలు, అమెరికాలో ఆయన పేరు మీద మిగిలిన కాగితాలు, నార్వే నావికుల పట్టికలు. ఎక్కువమంది చర్చి పుస్తకాలతో మొదలుపెడతారు. అక్కడే శ్రమ వృథా అవుతుందని నా అభిప్రాయం.

చర్చి పుస్తకాల ఆకర్షణ కాదనలేనిది. నార్వే జాతీయ ఆర్కైవ్స్ వారి డిజిటల్ ఆర్కైవ్‌లో వాటి పుటలను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. బాప్తిస్మం, వివాహం, ఖననం అన్నీ అందులో ఉంటాయి. 1736 నుంచి కన్ఫర్మేషన్, అంటే కౌమారంలో చర్చి ముందు విశ్వాసాన్ని ధృవపరచుకునే సంస్కారం, తప్పనిసరి కావడం వల్ల, పదిహేనేళ్ళ వయసులో ఉన్న ప్రతి పిల్లవాడి పేరూ తల్లిదండ్రుల పేర్లతో సహా మరోసారి నమోదయ్యేది. అయితే ఈ పుస్తకాలన్నీ చర్చి పరిధుల వారీగా ఉంటాయి కాబట్టి, ఊరు తెలిసినవాడికే అవి నిజంగా ఉపయోగపడతాయి. ఊరే తెలియని మనకు మిగిలేది పేరు ఒక్కటే, ఆ పేరు మనల్ని గమ్యం చేర్చదు. హాన్స్ కొడుకు ఓలె అయితే ఓలె హాన్సెన్, ఆయన చెల్లెలు హాన్స్‌డాటర్, ఆయన కొడుకు మళ్ళీ ఓల్సెన్. మన ఇంటిపేరు ఊరు మారినా, తరాలు మారినా మనిషిని అంటిపెట్టుకునే ఉంటుంది. వాళ్ళు పేరు చివర చేర్చుకునే కమతం పేరు మాత్రం ఆ భూమికి చెందినది, మనిషికి కాదు. ఒక కమతం వదిలి మరో కమతానికి వెళితే పేరూ మారిపోయేది. కుటుంబమంతటికీ ఒకే స్థిరమైన ఇంటిపేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లో. అందువల్ల ఫలానా సంవత్సరంలో పుట్టిన ఓలె హాన్సెన్ అని వెతికితే పదుల కొద్దీ మనుషులు దొరుకుతారు. వారిలో నచ్చినవాణ్ణి ఎంచుకుని వంశవృక్షం గీసుకునే ప్రమాదం చాలా పెద్దది.

వలస వెళ్ళినవారి జాబితాలు ఈ కథలో దాదాపు పనికిరావు. క్రిస్టియానియాలో (నేటి ఓస్లో) 1867 నుంచి పోలీసులు రాసిన వలస రిజిస్టర్లు ఉన్నాయి గానీ, అవి టికెట్ కొని వెళ్ళిన ప్రయాణికులవి. పనివాడిగా ఓడ ఎక్కి అవతలి ఒడ్డున కనపడకుండా పోయినవాడు వాటిలో ఉండడు. 1892లో న్యూయార్క్ రేవులో వలసదారులను నమోదు చేసే ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరిచాక కూడా ప్రయాణికుల పట్టీల్లో అతని పేరు కోసం చూడటం సమయం పోగొట్టుకోవడమే.

అమెరికా కాగితాల్లో అన్నీ ఒకే విలువ గలవి కావు, ఇక్కడే నిదానంగా ఆలోచించాలి. 1906 సెప్టెంబరుకు ముందు ఇచ్చిన పౌరసత్వ పత్రాల్లో చాలావరకు పుట్టిన ఊరు ఉండదు. స్వీడన్, నార్వే రాజుకు ఇకపై విధేయుణ్ణి కానన్న ప్రమాణం మాత్రం ఉంటుంది. 1905 దాకా రెండు దేశాలకూ రాజు ఒక్కడే కాబట్టి, ఆ వాక్యంతో అతనిది ఏ దేశమో కూడా తేలదు. నావికుడికి మాత్రం ఇంకో దారి ఉండేది. 1872 చట్టం ప్రకారం, పౌరసత్వం కోరుతున్నట్టు ప్రకటించి, ఆపై అమెరికా వాణిజ్య ఓడల్లో మూడేళ్ళు పనిచేసినవాడు తన సేవాపత్రం చూపించి పౌరుడు కావచ్చు. అటువంటి దరఖాస్తు దొరికితే ఓడల పేర్లు తెలిసే అవకాశం ఉంటుంది. 1906 తరువాతి దరఖాస్తుల్లో పుట్టిన చోటు, తేదీ స్పష్టంగా అడిగారు. దిగినట్టు ఏ రికార్డూ లేనివారి కోసం 1929లో మరో చట్టం వచ్చింది. 1921 జూన్‌కు ముందు వచ్చామని రుజువు చేసి, 20 డాలర్లు కట్టి, తమ నివాసాన్ని చట్టబద్ధం చేసుకోవచ్చని అది చెప్పింది. ఓడ వదిలి వచ్చిన వారి విషయంలో ఆ ఫైళ్ళు అమూల్యమైనవి, ఎందుకంటే రుజువు కోసం ఎక్కడెక్కడ ఉన్నారో, ఏ పని చేశారో వాళ్ళు రాసి ఇవ్వవలసి వచ్చేది.

అమెరికా సైనిక నమోదు కార్డులనూ ఇలాగే వేరు చేసి చూడాలి. 1917 జూన్ నాటి కార్డులో పుట్టిన పట్టణం అడిగారు, 1918 సెప్టెంబరు కార్డులో అడగలేదు. 1942 ఏప్రిల్‌లో నడివయసు దాటినవారిని నమోదు చేసిన కార్డులో మళ్ళీ పుట్టిన చోటు ఉంది, 1877 నుంచి 1897 మధ్య పుట్టినవారికి అది వర్తిస్తుంది. మరణ పత్రం కంటే ఈ కార్డును నేను ఎక్కువగా నమ్ముతాను. కార్డులోని మాట ఆ మనిషి స్వయంగా చెప్పినది. మరణ పత్రంలోనిది, నార్వే ముఖం చూడని కొడుకో, ఇరుగుపొరుగో దుఃఖంలో చెప్పినది. అంతకంటే వయసులో పెద్దవాడైతే బ్రూక్లిన్ లూథరన్ చర్చిల పుస్తకాలు, 1878లో అక్కడ మొదలైన నార్వే నావికుల చర్చి రికార్డులు, 1891 నుంచి వెలువడిన "నోర్డిస్క్ టిడెండె" పత్రికలోని మరణవార్తలు చూడాలి. తోటి నార్వేవాళ్ళు రాసుకున్నవి గనుక వాటిలో స్వస్థలం పేరు సరైన రూపంలో కనిపించే అవకాశం ఎక్కువ.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆరెన్‌డాల్ అని ఆయన చెప్పుకుంటే, అది పుట్టిన ఊరే అయి ఉండనక్కరలేదు. బర్మాలో తెలుగు కూలీలందరినీ కొరంగీలు అని పిలిచారు, నిజానికి వాళ్ళు గోదావరి, విశాఖ ప్రాంతాల పల్లెల నుంచి వెళ్ళినవారు, కొరంగి ఒక రేవు పేరు మాత్రమే. నావికుడు కూడా అందరికీ తెలిసిన రేవు పేరే చెబుతాడు.

ఆ రేవు పేరు దొరికాక నావికుల పట్టికలు తెరవాలి. నా లెక్కలో ఇవే అన్నిటికంటే మేలైనవి, కానీ తక్కువమంది చూసేవీ ఇవే. నార్వే తీరంలో రేవు జిల్లాల వారీగా ప్రతి నావికుడికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, వయసు, పుట్టిన చోటు, ఎక్కిన ఓడలు, దిగిన తేదీలు రాసేవారు. ఓడ వదిలి పారిపోయినవాడి పేరు ఎదుట "రోమ్ట్" (పారిపోయాడు) అనే మాట, కొన్నిసార్లు ఏ రేవులో అన్నదీ ఉంటుంది. చర్చి పుస్తకం ఇంటి దగ్గరి పిల్లవాణ్ణి చూపిస్తుంది, అమెరికా కాగితం పరాయి గడ్డమీది పెద్దవాణ్ణి చూపిస్తుంది. ఈ ఇద్దరూ ఒకే మనిషి అని ఒకే పంక్తిలో చెప్పగలిగేది నావికుల పట్టికే. దాని లోపాలు తక్కువేమీ కావు: పాత చేతిరాత చదవడం కష్టం, ఓపికగా పుటలు తిప్పాలి, రేవు జిల్లా తెలియకుండా అందులోకి దిగలేము.

చర్చి పుస్తకాల అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది. ఆ పరిధిలో ఆ ఏడు పుట్టిన ఓలె హాన్సెన్‌లు నలుగురు ఉంటే నలుగురినీ చివరిదాకా అనుసరించాలి. ఒకడు పసితనంలో పోయి ఉంటాడు, ఇంకొకడు 1900 జనగణనలో భార్యాపిల్లలతో అదే ఊళ్ళో కనిపిస్తాడు. 1875 జనగణనలో తాత్కాలికంగా ఇంట్లో లేనివారినీ, వాళ్ళు ఎక్కడ ఉండవచ్చో దాన్నీ విడిగా రాశారు కాబట్టి సముద్రం మీద ఉన్నవాణ్ణీ పట్టుకోవచ్చు. తండ్రి చనిపోయాక జరిగిన ఆస్తి పంపకం రికార్డులో "అమెరికాలో ఉన్న కొడుకు ఓలె" అని వారసుల మధ్య కనిపిస్తే, ఇక నేను వేరే రుజువు అడగను.

ఓడ దిగగానే పేరు పూర్తిగా మార్చుకున్నవాడి విషయంలో ఈ క్రమం పనిచేయదు. అప్పుడు డి.ఎన్.ఏ. పరీక్షే ముందు రావాలి. నార్వేలోని మూడో వరస దాయాదులతో, అంటే ముత్తాత తల్లిదండ్రుల దగ్గర మనతో కలిసే బంధువులతో, పోలిక దొరికితే ఒక ప్రాంతం తేలుతుంది. కానీ ఆ వరస దాయాదుల్లో సుమారు పదింట ఒకరితో పోలికే కనపడదు కాబట్టి, పోలిక రాలేదంటే చుట్టరికం లేదని అనుకోకూడదు. పోలిక వచ్చిన కుటుంబాల ఆస్తి పంపకాలను తిరగేసి, ఎక్కడున్నాడో తెలియని కొడుకు ఎవరింట్లో ఉన్నాడో అక్కడి నుంచి వెనక్కి వెతుక్కుంటూ రావాలి.