కాన్వాసా, తోలా, నైలానా: అడవికి ఏ బ్యాగు మేలు?

మా అటక మీద మూడు బ్యాగులున్నాయి. ఒకటి 50 లీటర్ల నైలాన్ ట్రెకింగ్ బ్యాగు. రెండోది 30 లీటర్ల కాన్వాస్ బ్యాగు, పట్టీలూ అడుగు భాగమూ తోలువి. మూడోది మొత్తం తోలుదే, 20 లీటర్ల సామాను పట్టడమే గగనం. మొన్న పాత పేపర్లు కొనే అతను వస్తే, అతని త్రాసు అడిగి మూడింటినీ ఖాళీగా తూచాను. నైలాన్‌ది కిలోన్నర. కాన్వాస్‌ది 2 కిలోలకు కాస్త తక్కువ. తోలుది రెండున్నర కిలోలు. సామాను తక్కువ పట్టే కొద్దీ బరువు పెరుగుతూ పోయిందన్నమాట.

ఈ లెక్క చూస్తే నైలాన్‌దే కొనుక్కోండి అని ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ మూడింట్లో నేను ఎక్కువసార్లు కిందికి దింపేది కాన్వాస్‌దే. ఎందుకు దింపుతానో, ఎప్పుడు మాత్రం అటక మీదే వదిలేస్తానో చెప్తాను.

ముందు ఈ కాన్వాస్ బ్యాగు ఎవరి కోసం పుట్టిందో చూడాలి. అమెరికాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున డులూత్ అని ఒక ఊరుంది, మిన్నెసోటా రాష్ట్రంలో. కెనడా నుంచి వచ్చి అక్కడ చెప్పుల షాపు పెట్టుకున్న కమీల్ పోరియర్ 1882లో ఒక కాన్వాస్ సంచికి పేటెంట్ తీసుకున్నాడు. భుజాలకు రెండు పట్టీలు, ఛాతీకి అడ్డంగా ఒకటి, నుదుటికి తగిలించుకునేది ఒకటి. గొడుగు దోపుకోవడానికి కూడా చోటు పెట్టాడు మహానుభావుడు. మన హిమాలయాల్లో కూలీలు నుదుటి పట్టీతో ఎంత బరువైనా ఎత్తుకుపోతారు కదా, ఆ పద్ధతే.

ఆ ప్రాంతంలో ప్రయాణమంటే చిన్న పడవలో ఒక సరస్సు దాటడం, దిగి పడవనీ సామాన్నీ నెత్తినా వీపునా వేసుకుని పక్క సరస్సు దాకా నడవడం, మళ్ళీ పడవెక్కడం. కెనడా సరిహద్దులో బౌండరీ వాటర్స్ అనే అడవి ఉంది, అందులో వెయ్యికి పైగా సరస్సులు. అక్కడ బ్యాగు వీపు మీద ఉండేది కాసేపే, మిగతా సమయమంతా పడవ అడుగున పడుకుని ఉంటుంది. అందుకే వెడల్పుగా, మెత్తగా, లోపల ఊచలూ ఫ్రేమూ లేకుండా ఉంటుంది. పడవ అడుగున ఉన్న తడి నుంచి, రాళ్ళ మీద ఈడ్చే రాపిడి నుంచి కాపాడాల్సింది గుడ్డ మందమే.

మిన్నియాపొలిస్‌లో ఉండే మా బావ ఈ సంగతి తెలియకుండానే అలాంటి బ్యాగు కొన్నాడు. పడవ ప్రయాణంలో మూడు రోజులు బ్రహ్మాండంగా ఉందట. మరుసటి ఏడాది అదే బ్యాగు వేసుకుని కొలరాడోలో కొండెక్కాడు. రెండో రోజుకే భుజాలు కమిలిపోయి, సామాను సగం స్నేహితుడికి అప్పగించి దిగొచ్చాడట. ఫోన్‌లో బ్యాగును తిడుతుంటే, "బావా, అది పడవ బ్యాగు, నువ్వు కొండకి వేసుకెళ్ళావు" అన్నాను. ఇప్పటికీ ఒప్పుకోడు.

కొండలకు కావాల్సింది వేరు. నార్వేలో ఓలె బెర్గన్ 1909లోనే బ్యాగుకి లోహపు ఫ్రేమ్ తగిలించి పేటెంట్ తీసుకున్నాడు. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ 1952లో అల్యూమినియం ఫ్రేమ్, నైలాన్ గుడ్డతో బ్యాగులు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. వాటికి వచ్చిన నడుము బెల్టుతో భుజాల మీది బరువు చాలావరకు తుంటి మీదికి దిగింది. సన్నటి పట్టీల కాన్వాస్ సంచిలో 12 కిలోలు మోస్తే ఎలా ఉంటుందో, మంచి నడుము బెల్టున్న బ్యాగులో అవే 12 కిలోలు ఎలా ఉంటాయో ఒక్క కిలోమీటరు ఎగుడు నడిస్తే తెలిసిపోతుంది. గుడ్డ బరువు కూడా తక్కువేం కాదు. డులూత్ రకం కాన్వాస్ చదరపు గజానికి 15 ఔన్సులు, అంటే మన లెక్కలో చదరపు మీటరుకి అర కిలో. ట్రెకింగ్ బ్యాగుల నైలాన్ అందులో మూడో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి హిమాచల్ వైపు నాలుగైదు రోజుల ట్రెక్‌కి వెళ్తూ ఎవరి సామాను వాళ్ళే మోసుకునేటట్టయితే నైలాన్ బ్యాగే. అక్కడ చర్చే లేదు.

మరి వాన సంగతి? ఇక్కడ కాన్వాస్‌ని తక్కువ అంచనా వేస్తారు. పాత లారీల ముందు, జీపుల పక్కన వేలాడే కాన్వాస్ నీళ్ళ సంచి గుర్తుందా? కొత్తలో కారుతుంది, కాసేపటికి దారాలు నీళ్ళు తాగి ఉబ్బి సందులు మూసుకుంటాయి, తర్వాత చెమ్మగా ఉంటుందే తప్ప ధారగా కారదు. లోపలి నీళ్ళు ఆగినట్టే బయటి వాన కూడా చాలావరకు ఆగుతుంది. పైగా నూలు తడిస్తే బలం తగ్గదు, కాస్త పెరుగుతుంది. కాకపోతే తడిసిన కాన్వాస్ బరువెక్కుతుంది, ఆరడానికి మన వానాకాలంలో రెండు రోజులు పడుతుంది. ఆరకుండా మడిచి అటకెక్కిస్తే నల్లటి బూజు మచ్చలు. అవి ఇక పోవు.

దీనికి మందుగా చలి దేశాలవాళ్ళు చెప్పేది మైనం. తేనెమైనం, పారఫిన్ కలిపిన బిళ్ళతో గుడ్డ మీద రుద్ది, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే మైనం దారాల్లోకి ఇంకుతుంది. వానచుక్క ముత్యంలా జారిపోతుంది. స్వీడన్‌లో ఇది బాగానే ఉంటుంది. నేను వాళ్ళ మాట నమ్మి బ్యాగంతా దట్టంగా పట్టించి, మే నెలలో దాన్ని వీపున వేసుకుని బైక్ మీద నల్లగొండ దాకా వెళ్ళాను. దిగి చూస్తే తెల్ల చొక్కా వీపంతా బ్యాగు ఆకారంలో జిడ్డు మచ్చ. రోడ్డు మీది దుమ్మంతా బ్యాగుకే అతుక్కుంది. మైనం కరిగిపోనక్కర్లేదు, మెత్తబడితే చాలు. మన ఎండకి మెత్తబడకుండా ఎలా ఉంటుంది? అప్పటి నుంచి పై మూతకీ అడుగుకీ మాత్రమే పల్చగా రాస్తాను, అదీ జూన్ మొదట్లో. వీపుకి ఆనే వైపు అసలు ముట్టుకోను. లోపల మందపాటి పాలిథిన్ కవరు వేసి, బట్టలు అందులో పెట్టి మూతి ముడేస్తాను. నైలాన్ బ్యాగుకైనా చివరికి ఈ కవరే దిక్కు, కుట్ల దగ్గర ఆ బ్యాగు కూడా కారుతుంది.

నైలాన్‌కి మన వాతావరణం చేసే అన్యాయం గురించి ఎవరూ చెప్పరు. ఆ గుడ్డ లోపలివైపు నీళ్ళు దిగకుండా పాలీయురితేన్ పూత ఉంటుంది. గాలిలోని తేమకి ఏళ్ళ తరబడి ఆ పూత విరిగి జిగురుగా మారుతుంది. నా మొదటి నైలాన్ బ్యాగు ఆరేళ్ళ తర్వాత అటక మీంచి దింపితే లోపల చెయ్యి పెట్టగానే అతుక్కుంది, పులిసిన వాసన. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంది. విశాఖ, కాకినాడ వైపు ఉండేవాళ్ళకి ఇది ఇంకా తొందరగా రావచ్చు.

ఇక పూర్తి తోలు బ్యాగు. ఫొటోల్లో దీన్ని మించింది లేదు. నేను కొన్నదీ ఫొటో చూసే. తోలు నీళ్ళకు పనికిరాదనను. మోటార్లు రాకముందు మన బావుల మీద మోట నడిచింది తోలు బొక్కెనతోనే. ఆముదం పట్టించిన కిర్రు చెప్పులు వాన బురదలో ఏళ్ళు నడిచాయి. అవన్నీ లందలో, అంటే తోళ్ళు నానబెట్టే తొట్టిలో, తంగేడు చెక్క, కరక్కాయ రసంలో వారాల తరబడి నానిన తోళ్ళు. అలాంటి తోలుకి నూనె పడుతూ ఉండాలి, తడిస్తే నీడన నెమ్మదిగా ఆరాలి. తడిగా ఉండగా నిప్పు దగ్గరో మిట్టమధ్యాహ్నపు ఎండలోనో పెడితే ముడుచుకుని చెక్కలా బిగుసుకుపోతుంది. క్రోమియం రసాయనాలతో ఊనిన (శుద్ధి చేసిన) తోలు వేడినీ నీళ్ళనీ ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ, పట్టీగా వాడితే సాగుతుంది. ఈ సేవలన్నీ రెండు పట్టీలకూ ఒక అడుగు ముక్కకూ చెయ్యొచ్చు. బ్యాగంతటికీ చెయ్యాలంటే అది ఇంట్లో గేదెని పెంచినట్టే. వానాకాలంలో నా తోలు బ్యాగుకి తెల్లటి బూజు పట్టింది, మూల ఒకటి ఎలుక రుచి చూసింది. ఇప్పుడది పెళ్ళిళ్ళకి వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ మోస్తోంది. అడవికి మాత్రం తీసుకెళ్ళను, మిమ్మల్నీ వద్దంటాను.

కానీ తోలు పట్టీ విలువ తెలిసేది ఏదైనా తెగినప్పుడు. నల్లమలలో సలేశ్వరం జాతరకి వెళ్ళినప్పుడు నా నైలాన్ బ్యాగు నడుము బకిల్ పుటుక్కున విరిగింది. ప్లాస్టిక్ బకిల్, ఆ కొలతది దారిలో ఏ ఊళ్ళోనూ దొరకలేదు. లోయలోకి దిగి మళ్ళీ ఎక్కడమంతా నడుముకి తువ్వాలు కట్టుకునే. కాన్వాస్ బ్యాగు పట్టీ ఇంకోసారి ఊడితే, బస్టాండ్ పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన తోలు గుచ్చే ఆరె, మైనం రాసిన దారం తీసి పది నిమిషాల్లో కుట్టిచ్చాడు. 30 రూపాయలు తీసుకున్నాడు. "ఇది మళ్ళా తెగదు, తెగితే పక్కది తెగుతది" అన్నాడు. నాలుగేళ్ళయింది, పక్కదీ తెగలేదు. ఈ బ్యాగుకి జిప్పులు లేవు, ఇసక పట్టి మొరాయించేదేమీ లేదు.

నిప్పు దగ్గర కూడా కాన్వాస్‌దే పైచేయి. పొలంలోనో చెరువు గట్టునో చలిమంట వేసుకున్నప్పుడు నిప్పురవ్వ పడితే నైలాన్ కరిగి గుండ్రటి కన్నం పడుతుంది. కాన్వాస్ మీద దులిపేస్తే మచ్చ మిగులుతుంది. మైనం దట్టంగా రాసిన బ్యాగయితే మాత్రం మంటకి దూరంగా పెట్టండి, అది వత్తిలా అంటుకుంటుంది. అభయారణ్యాల్లో అసలు మంటే వేయకూడదు కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.

అందుకని నా వాడకం ఇలా తేలింది. బండి మీదో పడవ మీదో వెళ్ళి, దిగి గంటా రెండు గంటలు నడిచి, ఒక రాత్రి ఉండి వచ్చే చోట్లకి కాన్వాస్. పాపికొండలు, చెరువు గట్టు మీద బస, ఊరి తోట, చేపల వేట ఇలాంటివి. రోజంతా వీపు మీదే ఉండే నడకకి నైలాన్. ఒక్కటే కొనగలిగితే, మీరు ఏడాదికోసారి వెళ్ళే పెద్ద ట్రెక్ చూసుకుని కాదు, నెలనెలా వెళ్ళే చిన్న చోట్లు చూసుకుని కొనండి. పెద్ద ట్రెక్‌కి నైలాన్ బ్యాగులు అద్దెకి దొరుకుతాయి.

కాన్వాస్‌ది కొనేటప్పుడు గుడ్డని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే వదిలేయండి. పట్టీ బ్యాగుకి కలిసే చోట కుట్టుతో పాటు రివిట్ కూడా ఉండాలి, లోపలివైపు ఇంకో తోలు ముక్క అడ్డం వేసి ఉండాలి. పట్టీని మడిచి, కోసిన అంచు చూడండి. అంచులో పీచు కనిపిస్తే తోలు. అట్టలా పొరలు పొరలుగా ఉండి పైన రంగు కాగితంలా కనిపిస్తే, ఎంత తోలు వాసన కొట్టినా, షాపువాడు ఎంత ఒట్టు పెట్టినా, రెండు వానలకి పెచ్చులూడుతుంది. నా దానికి 4,500 పెట్టాను. షాపతను ఇంకో 400కి మైనం డబ్బా కూడా అంటగట్టాడు. ఆ డబ్బాలో ఇంకా ముప్పాతిక మిగిలే ఉంది.