పాత లారీ డోరుకి మూల అద్దం ఉంచాలా, సింగిల్ గ్లాస్ వేయాలా

మా పాత లారీ డోర్లు రెండూ నేనే ఇంటి దగ్గర విప్పాను కాబట్టి చెప్తున్నా. ముందు మూలనున్న చిన్న త్రికోణం అద్దం తీసేసి ఒకటే పెద్ద గ్లాస్ వేస్తే చూడ్డానికి భలే నీట్‌గా ఉంటుంది, రెండు అద్దాల మధ్య సైడ్ మిర్రర్‌కి అడ్డుండే కడ్డీ పోతుంది, గాలి హోరు తగ్గుతుంది. కానీ ఆ కడ్డీయే పెద్ద అద్దానికి ముందు వైపు గైడు, అది తీసేస్తే డోరు ముందు అంచున అద్దం జారడానికి కొత్త ఛానల్ (గాడి), అందులో ఫెల్టు (మెత్తటి గుడ్డ పట్టీ) పెట్టాలి, కింద అద్దాన్ని పట్టుకునే పట్టీ కూడా పొడుగు చేయాలి, లేకపోతే హ్యాండిల్ తిప్పినప్పుడు అద్దం ఒక పక్కకి ఒరిగి బిగుసుకుపోతుంది. నాకు ఎడమ డోరు సరిగ్గా అలాగే మూడుసార్లు ఇరుక్కుంది.

ఇంకోటి, ముందు ప్లైవుడ్ ముక్కతో కొలత కోసి, పైకీ కిందకీ ఆడించి చూశాకే గ్లాస్ ఆర్డర్ ఇవ్వండి. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) ఒకసారి తయారయ్యాక కోయలేం, మొత్తం పలుకులైపోతుంది. మామూలు కిటికీ అద్దం మాత్రం అస్సలు వద్దు, పగిలితే కత్తుల్లా దిగుతుంది.

మూల అద్దం ఉంచితే ఖర్చు తక్కువే, రబ్బర్లు మార్చి కింద అది తిరిగే పివట్ (ఇరుసు) దగ్గరి స్ప్రింగు బిగిస్తే చాలు, ఆటోనగర్‌లో తిరిగితే రబ్బరు దొరుకుతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి ఆ చిన్న అద్దం వెనక్కి తిప్పితే గాలి సూటిగా ఛాతీకి కొడుతుంది చూడండి, ఏసీ లేని బండికి అదే ప్రాణం. అందుకే కుడి డోరుది నేను తీయలేదు. ఏసీ పెట్టించేవాళ్ళైతే సింగిల్ గ్లాసే వేసుకోండి.