ఎక్కడ ఆపితే అక్కడే: స్టీమ్ డెక్‌ చాలాకాలం వాడాక

స్టీమ్ డెక్ అంటే పీసీ గేములు ఆడుకునేందుకు వాల్వ్ కంపెనీ చేసిన చేతి కన్సోల్; స్టీమ్ ఆ కంపెనీ గేములమ్మే ఆన్‌లైన్ స్టోర్. డెక్ మీద వచ్చిన సమీక్షల్లో ఎక్కువ భాగం కొన్న మొదటి వారంలో రాసినవే. ఏ గేమ్ సెకనుకు ఎన్ని ఫ్రేములతో (తెర మీద మారే బొమ్మలతో) నడుస్తోంది, ఫ్యాన్ ఎంత చప్పుడు చేస్తోంది, చేతికి ఎంత బరువుగా ఉంది అనేవే అందులో ఉంటాయి. కొనేముందు అవి తెలియాల్సినవే. కానీ ఇంతకాలం వాడాక, ఇందులో అన్నిటికంటే విలువైనది ఏదంటే నేను చూపించేది పైన ఉన్న పవర్ బటన్‌. ఒకసారి నొక్కితే గేమ్ ఉన్నది ఉన్నట్టు ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే కొన్ని సెకన్లలో సరిగ్గా అక్కడి నుంచే మొదలవుతుంది.

ఫోన్‌లో అలవాటైన పనే కదా అనిపించవచ్చు. పీసీ గేములు ఆడేవాళ్లకు మాత్రం ఇది చాలా పెద్ద విషయం. పీసీ ముందు కూర్చున్నాక అప్‌డేట్లు, కంపెనీల లోగోలు, మెనూ, లోడింగ్ అన్నీ దాటాకే ఆట మొదలవుతుంది. చేతిలో అరగంటే ఉంటే అందులో చెప్పుకోదగ్గ భాగం వీటికే పోతుంది. పైగా ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోనివ్వని గేములు బోలెడు. పొలం పనులు, చేపల వేటతో సాగే స్టార్‌డ్యూ వ్యాలీనే తీసుకోండి. అందులో రాత్రి మంచమెక్కి పడుకుంటేనే ఆ రోజు సేవ్ అవుతుంది. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో దాదాపు 14 నిమిషాలు. మధ్యలో ఎవరైనా పిలిస్తే పొద్దుటి నుంచి చేసిన పనంతా వదులుకోవాలి, లేదా వాళ్లను ఆగమనాలి. డెక్‌లో ఆ టెన్షనే లేదు. గాలం నీళ్లలో ఉండగానే బటన్ నొక్కి పక్కన పెట్టేస్తాను. రాత్రి తీసి చూస్తే బెండు ఇంకా నీళ్ల మీదే తేలుతూ ఉంటుంది.

ఈ ఒక్క సౌకర్యంతో నా ఆట తీరే మారిపోయింది. విచర్ 3 లాంటి పెద్ద గేములు ఒకప్పుడు మొదలుపెట్టడం, సగంలో వదిలేయడం మామూలుగా ఉండేది. వారం తర్వాత తిరిగొస్తే ఎక్కడున్నానో, ఎవరి దగ్గరికి వెళ్తున్నానో గుర్తుండేది కాదు. ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు దొరికినా కథతో సంబంధం తెగదు. తీరిక లేక గేములు మానేశామనే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ బటన్ గురించే.

దీనికీ ఒక మెలిక ఉంది. గేమ్‌ను మూసేయకుండా డెక్‌ను నిద్రపుచ్చితే మామూలుగా మీ సేవ్ ఫైల్ క్లౌడ్‌కి వెళ్లదు. తర్వాత పీసీలో అదే గేమ్ తెరిస్తే పాత సేవ్ కనిపిస్తుంది. నిద్రపుచ్చేటప్పుడే సేవ్‌ను క్లౌడ్‌కి పంపే డైనమిక్ క్లౌడ్ సింక్ అనే సదుపాయం 2022లోనే వచ్చింది కానీ, గేమ్ తయారుచేసినవాళ్లు దాన్ని తమ గేమ్‌లో కలుపుకుంటేనే పనిచేస్తుంది. పీసీకి మారబోతున్నప్పుడు గేమ్ నుంచి పూర్తిగా బయటికి రావడం మేలు. ఇక ఆన్‌లైన్ మ్యాచ్ మధ్యలో బటన్ నొక్కితే కనెక్షన్ తెగుతుంది, దానికి ఎవరూ చేయగలిగేది లేదు.

లోపల నడిచేది విండోస్ కాదు, ఆర్చ్ లినక్స్ మీద కట్టిన స్టీమ్ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ కోసం రాసిన గేములు దీని మీద ఆడుతున్నాయంటే ఆ గొప్పదనం వాల్వ్ 2018లో తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్‌ది. ఆడేటప్పుడు అది ఉన్నట్టే తెలియదు. ఇంకో మంచి సంగతి: ఒక మోడల్ డెక్‌లన్నిటిలోనూ ఉండేది ఒకే చిప్ కాబట్టి, షేడర్లను, అంటే బొమ్మలు గీయడానికి చిప్ వాడే చిన్న ప్రోగ్రాములను, ముందే కంపైల్ చేసి స్టీమ్ నేరుగా పంపగలదు. పీసీల్లో కొత్త చోటికి అడుగుపెట్టగానే వచ్చే కుదుపులు అందుకే ఇక్కడ తక్కువ.

కొత్తగా కొన్నవాళ్లు తప్పక నేర్చుకోవాల్సింది 40 ఫ్రేముల లెక్క. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, 60 అంటే 16.7. ఈ రెండిటికీ సరిగ్గా నడుమ ఉండేది 25, అంటే సెకనుకు 40 ఫ్రేములు. చూడటానికి 30కి దగ్గరగా ఉన్న అంకె, కానీ చేతికి తెలిసే నునుపులో సగం దారి వచ్చేసినట్టే. కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కితే ఫ్రేముల పరిమితి, చిప్ వాడే వాట్ల పరిమితి రెండూ అక్కడే ఉంటాయి. పెద్ద గేములకు నేను 40 పెట్టి వదిలేస్తాను. బలాత్రో లాంటి చిన్న గేములకైతే చిప్‌ను 15 వాట్ల నుంచి నాలుగైదుకు దించినా తేడా కనిపించదు, బ్యాటరీ మాత్రం గంటలకు గంటలు వస్తుంది. పాత మోడల్‌ది 40 వాట్-అవర్ల బ్యాటరీ. పరిమితులేవీ లేకుండా భారీ గేమ్ ఆడితే రెండు గంటలు కూడా గగనమే.

స్టోర్‌లో గేమ్ పక్కన కనిపించే ఆకుపచ్చ టిక్‌ను మాత్రం నేను పూర్తిగా నమ్మను. గేమ్ నడుస్తుంది, అక్షరాలు చదవగలిగేలా ఉంటాయి, బటన్లు సరిపోతాయి అన్నంత వరకు అది చెబుతుంది. చివరి అధ్యాయాల్లో వేగం పడిపోతుందేమో చెప్పదు. బాల్డర్స్ గేట్ 3లో మూడో అంకంలో వచ్చే నగరం ఇందుకు మంచి ఉదాహరణ. అందుకే కొనేముందు ప్రోటాన్‌డీబీ అనే వెబ్‌సైట్‌లో ఆడినవాళ్లు ఏమంటున్నారో చదువుతాను.

రెండు ట్రాక్‌ప్యాడ్‌ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకైతే అవి లేని చేతి కన్సోల్ ఇక ఊహకందదు. సివిలైజేషన్ 6 లాంటి మౌస్ గేములు సోఫాలో వాలి ఆడగలుగుతున్నానంటే వాటి పుణ్యమే.

ఆన్‌లైన్‌లో పోటీపడి కాల్పులు జరిపే షూటర్ గేములే మీ ప్రాణమైతే మాత్రం ఇది కొనకండి. వాలరెంట్‌లో మోసాలను పట్టే యాంటీచీట్ ప్రోగ్రాం విండోస్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అడుగు పొరలో, కూర్చుంటుంది కాబట్టి స్టీమ్ఓఎస్‌లో ఆ గేమ్ నడవదు. ఫోర్ట్‌నైట్ కూడా నడవదు. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు బాగానే ఆడింది, 2024లో దానికీ లినక్స్ దారి మూసేశారు. రేపు ఏ ఆన్‌లైన్ గేమ్‌కి ఈ గతి పడుతుందో చెప్పలేం. ఆ విషయంలో నాకు నిజంగా బాధగా ఉంది.

ఇప్పుడు కొనేవాళ్లు 2023 నవంబర్‌లో వచ్చిన ఓలెడ్ మోడల్‌కే వెళ్లండి. 7.4 అంగుళాల తెర, 90 హెర్ట్జ్, 50 వాట్-అవర్ల బ్యాటరీ, పైగా బరువు కాస్త తక్కువ. చీకటి సన్నివేశాల్లో నలుపు నలుపులాగే ఉంటుంది. పాతది చేతిలో ఉన్నవాళ్లు తొందరపడక్కర్లేదు. అందులో ఆడే గేములే ఇందులోనూ, దాదాపు అదే వేగంతో ఆడతాయి.