అరకు కార్బన్ పథకం, బిళిగిరి సామూహిక హక్కు: ఏది ముందు?

బెంగళూరు ఇందిరానగర్‌లో అరకు కాఫీ తాగే మన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ తోటల వెనుక ఒక కార్బన్ పథకం కూడా ఉందని తెలియదు. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి లైవ్లీహుడ్స్ కార్బన్ నిధి చేపట్టిన ఆ పథకంలో కంపెనీలు ముందుగానే పెట్టుబడి పెట్టగా, ఆదివాసీ రైతులు తమ భూముల్లో కాఫీతో పాటు మామిడి వంటి పండ్లచెట్లు, నీడచెట్లు నాటారు. పంట రైతుకు; ఆ చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్‌కు లెక్కగా వచ్చే క్రెడిట్లు కంపెనీలకు.

కర్ణాటకలోని చామరాజనగర జిల్లా బిళిగిరి రంగన కొండల్లో ఉండే సోలిగ ఆదివాసులది మరో దారి. పులుల సంరక్షణ కేంద్రంగా మారిన ఆ అడవిపై 2011లో వారి గ్రామసభలకు, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు దక్కాయి. తేనె, ఉసిరి సేకరించుకోవడమే కాదు, అడవిని కాపాడే అధికారాన్ని కూడా ఆ చట్టం గ్రామసభకే ఇస్తుంది. నేలమీది ఎండుటాకులకు చిన్నమంట పెట్టే తమ పాత పద్ధతిని ఆపించాకే లాంటానా అనే కలుపు పొదలు అడవిని కమ్మేశాయని సోలిగ పెద్దలు చెబుతారు. మంటను ఉద్గారంగా, అంటే గాలిలోకి కార్బన్ వదలడంగా మాత్రమే చూసే కార్బన్ లెక్కకు ఈ అనుభవం అందదు.

హక్కుపత్రం చేతికి డబ్బు తేదు, నిజమే. కార్బన్ పథకం మొక్కల ఖర్చును మొదట్లోనే భరిస్తుంది. సొంత పట్టా ఉన్న రైతుకు అరకు దారి మేలే. ఉమ్మడి అడవి విషయంలో మాత్రం హక్కు తేలకుండా ఏళ్ళ తరబడి సాగే కార్బన్ ఒప్పందం కుదుర్చుకోవడం అన్యాయమని నా దృఢాభిప్రాయం. ముందు హక్కు గుర్తించాలి. ఆపైన, ఒప్పందాన్ని తమ భాషలో చదివించుకుని, క్రెడిట్లు అమ్మాలో వద్దో గ్రామసభే తేల్చుకోవాలి.