కెరటోకోనస్‌కి ఏ లెన్స్ మేలు? సెమీ సాఫ్టా, స్క్లెరలా?

కంటి ముందు పొర శంకువులా పొడుచుకొచ్చే కెరటోకోనస్ జబ్బు నాకు రెండు కళ్ళకీ ఉంది. కుడి కంటికి సెమీ సాఫ్ట్ లెన్స్ వాడతాను, ఎడమ కంటికి స్క్లెరల్. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాయడం నా పని. రెండు లెన్సులూ ఒకే దుమ్ములో, ఒకే ఎండలో, ఒకే ఘాటులో ఏళ్ళ తరబడి పనిచేశాయి. ఏది మేలని ఎవరైనా అడిగితే ఆ అనుభవంతోనే చెబుతాను.

డిగ్రీ చదివే రోజుల్లో నా అద్దాల పవర్ ఏడాదికి రెండుసార్లు మారేది. సిలిండర్ నంబరు, అంటే కంటి వంపులో తేడాని సరిచేసే పవర్, పెరుగుతూనే ఉండేది. రాత్రిపూట ఎదురొచ్చే బస్సు లైట్లు మూడు నాలుగుగా చెదిరి కనిపించేవి. ఒక అద్దాల షాపువాళ్ళు కంటి ముందు పొర ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్ష మాటే ఎత్తకుండా సిలిండర్ పవర్ ఉన్న సాఫ్ట్ లెన్స్ చేతిలో పెట్టారు. దానితో ఏడాది గడిచిపోయింది, చూపు మాత్రం బాగుపడలేదు. ఈ జబ్బులో నల్లగుడ్డు మీద గాజులా ఉండే కార్నియా పలచబడి, శంకువులా ముందుకు పొడుచుకొస్తుంది. సాఫ్ట్ లెన్స్ తడిగుడ్డలా కింద ఏ ఆకారం ఉంటే ఆ ఆకారంలోకే ఒదిగిపోతుంది. జబ్బు బాగా తక్కువగా ఉన్నవాళ్ళకి సరిపోవచ్చు. కెరటోకోనస్ కోసమే మందంగా చేసే సాఫ్ట్ లెన్సులూ ఉన్నాయి. నాకైతే కుదరలేదు.

సెమీ సాఫ్ట్ అని మన దగ్గర పిలుస్తారు గానీ, అది గట్టి లెన్సే. డాక్టర్లు ఆర్‌జీపీ (రిజిడ్ గ్యాస్ పర్మియబుల్) అంటారు. కంటి రెప్ప కింద చిన్న బిళ్ళలా ఇమిడిపోతుంది, వెడల్పు పది మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. కార్నియా ఎగుడుదిగుడుల్లో కన్నీళ్ళు నిండుతాయి, పైన లెన్స్ నున్నగా ఉంటుంది కాబట్టి చూపు తేటపడుతుంది. మొదటిసారి పెట్టుకున్న రోజు గోడమీది క్యాలెండర్‌లో తిథులు నేను చదువుతుంటే మా అమ్మ ఏడ్చేసింది, నాకూ ఆగలేదు. అలవాటు పడడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. రెప్ప కొట్టినప్పుడల్లా ఏదో నలుసు పడ్డట్టే ఉండేది.

అసలు కష్టం దుమ్ముతో. చుట్టుగుంట సెంటర్‌లో బండి మీద వెళ్తుంటే లెన్స్ కిందకి ఒక్క రేణువు దూరిందంటే కన్ను తెరవలేం. రోడ్డు పక్కన ఆపి, నీళ్ళు కారుతున్న కంటితో లెన్స్ తీయాలి. ఎడమ కంట్లో శంకువు కిందికి జారి ఉంది, అందుకే అక్కడ లెన్స్ నిలిచేది కాదు. ఒకసారి టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్న చోట ఊడిపడింది, ఇక దొరకలేదు. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి. ఆ లెన్స్ శంకువు కొన మీద రాసుకుంటోందని డాక్టరు చెప్పినా, స్క్లెరల్ ఖరీదుకు భయపడి దాదాపు రెండేళ్ళు నెట్టుకొచ్చాను. ఆ కొన దగ్గర సన్నటి మచ్చ మిగిలింది. అది పోయేది కాదు. ఈ ఒక్క విషయంలో నాలా చేయకండి.

స్క్లెరల్ లెన్స్ చూడగానే ఇంత పెద్దదా అని భయం వేస్తుంది. పదిహేను నుంచి పద్దెనిమిది మిల్లీమీటర్లు, కొన్ని ఇంకా పెద్దవి. అంచు కంటి తెల్లగుడ్డు మీద ఆనుతుంది. కార్నియాను అసలు తాకదు, గిన్నె బోర్లించినట్టు దాని మీదుగా దాటుతుంది. మధ్యలో ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నిలిచి ఉంటుంది కాబట్టి కన్ను పొడిబారేవాళ్ళకీ హాయి. నొప్పి లేదు, ఊడిపోదు, దుమ్ము అంత తేలిగ్గా లోపలికి పోదు. మిర్చి ఘాటుకి రెప్పలు మండుతాయి, నీళ్ళు కారుతాయి, అది తప్పదు. కానీ మునుపటిలా కన్ను మూసుకుని కూర్చోవాల్సిన పని లేదు.

ఇబ్బందులు లేవని కాదు. రబ్బరు ప్లంజర్ మీద లెన్స్ ఉంచి, సెలైన్‌తో నింపి, ముఖం పూర్తిగా నేలవైపు వంచి పెట్టుకోవాలి. లోపల గాలి బుడగ చిక్కితే తీసి మళ్ళీ మొదలుపెట్టాలి. కొత్తలో నాకు అరగంట పట్టేది. మధ్యాహ్నానికి లోపలి సెలైన్ మబ్బుపట్టినట్టయితే తీసి, కడిగి, మళ్ళీ నింపుకోవాలి. యార్డులో అది అయ్యే పని కాదు. మిరపకాయ తాకిన చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగినా నాకు నమ్మకం ఉండదు. అందుకే భోజనానికి ఇంటికి వెళ్ళినప్పుడే మార్చుకుంటాను. ఖరీదు సెమీ సాఫ్ట్‌కి కొన్ని రెట్లు, సెలైన్ ఖర్చు వేరు. ఏ లెన్సుకైనా కుళాయి నీళ్ళు తగలనివ్వకూడదు. అందులోని సూక్ష్మజీవులతో కార్నియాకి ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు.

పిగ్గీబ్యాక్ కూడా రెండు నెలలు చూశాను. కింద సాఫ్ట్, పైన సెమీ సాఫ్ట్. రాపిడి తగ్గింది గానీ, కంటికి రెండేసి లెన్సులు, రెండు రకాల ద్రావణాలు, రోజూ ఆ టెన్షన్ నా వల్ల కాలేదు.

కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళు ముందు సెమీ సాఫ్ట్ ట్రయల్ చూడాలన్నదే నా మాట. నా కుడి కంట్లో శంకువు చిన్నది, నడిమధ్యలో ఉంది, లెన్స్ చక్కగా కూర్చుంటుంది. అలా కుదిరితే దానికి మించింది లేదు. ఊడిపోతున్నా, కొన మీద రాస్తున్నా, కన్ను పొడిబారుతున్నా, దుమ్ముకి కన్ను తట్టుకోలేకపోయినా స్క్లెరల్‌కే వెళ్ళండి, ఆలస్యం చేయకండి. విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇలాంటి చోట కార్నియా డాక్టరును కలిసి, రెండు రకాల గురించీ అడగండి. ట్రయల్‌లో రంగు చుక్క వేసి నీలం లైటు కింద చూస్తారు. కన్నీళ్ళు నిలిచినచోట పచ్చగా మెరుస్తుంది, లెన్స్ ఒత్తినచోట నల్లగా కనిపిస్తుంది. ట్రయల్ లెన్స్‌తో రెండు గంటలు ఉండి చూడనివ్వమని అడగండి, కుర్చీలో ఐదు నిమిషాలు బాగుంటే చాలదు.

లెన్స్ చూపునిస్తుంది గానీ జబ్బును ఆపదు. అది ముదురుతుంటే ఆపడానికి చేసేది క్రాస్ లింకింగ్. రైబోఫ్లేవిన్ (బీ2 విటమిన్) చుక్కలు వేసి అల్ట్రావయొలెట్ కాంతితో కార్నియాను గట్టిపరుస్తారు. నా ఎడమ కంటికి చేశారు. ఆ తర్వాత కూడా లెన్స్ అవసరమే. ఇంట్లో పిల్లలు కళ్ళు గట్టిగా నలుపుకుంటుంటే ఆ అలవాటు మాన్పించండి, దానివల్ల ఈ జబ్బు ముదిరే ప్రమాదం ఉంది.

వచ్చే వారం నా కుడి కంటికి టోపోగ్రఫీ ఉంది. గట్టి లెన్స్ కార్నియాను నొక్కి ఆకారం మారుస్తుంది కాబట్టి రెండు వారాల ముందే తీసేయమన్నారు. ఈ రోజుల్లో తక్‌పట్టీలన్నీ (రైతుల సరుకు అమ్మకం చీటీలు) ఎడమ కంటితోనే రాస్తున్నాను.